కప్పు కడిగేదెవరు?

ఒక జూన్ 5న మా ఆఫీసులో అందరికీ స్టీలు నీళ్ళ సీసాలు పంచారు. పర్యావరణ దినోత్సవం కదా. ఒక్కో సీసా ఒక్కో అట్టపెట్టెలో ఉంది. లోపల బుడగల ప్లాస్టిక్, దాని మీద ఇంకో పల్చటి కవరు, పైన మెరిసే కాగితం మీద అచ్చేసిన శుభాకాంక్షల కార్డు. వెనకాల గోడకి 'ప్లాస్టిక్ వద్దు' అని పెద్ద ఫ్లెక్సీ. ఫ్లెక్సీ అంటే పీవీసీయేనని ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు, దాని ముందు నిలబడి ఫొటో కూడా దిగాను. రోజూ సాయంత్రం లిఫ్టు పక్కన మూడు నల్ల కవర్ల చెత్త ఉండేది. ఆ సాయంత్రం ఏడున్నాయి.

అప్పటికే నేను ఆఫీసు 'గ్రీన్ కమిటీ'లో ఉన్నాను. ఎలా చేర్చారంటే, నాది అకౌంట్స్. అకౌంట్స్ వాళ్ళకి నెలాఖరులో తప్ప పనుండదని మిగతా డిపార్ట్‌మెంట్ల నమ్మకం. మాది హైదరాబాద్‌లో ఎనభై మంది పనిచేసే ఆఫీసు, ఓ పెద్ద బిల్డింగ్‌లో రెండు అంతస్తులు. పేరు అనవసరం. ఇలాంటి ఆఫీసులు మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఎన్నున్నాయో మీకు తెలుసు.

ఆ కమిటీలో రెండేళ్ళు కూర్చున్నాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఆఫీసుల్లో చెత్త గురించి మాట్లాడేవాళ్ళంతా 'జనంలో అవగాహన లేదు' అంటారు. నాకు తెలిసి అవగాహనకేమీ కరువు లేదు. మా ఆఫీసులో పేపర్ కప్పు పట్టుకున్న ప్రతి మనిషికీ అది మంచిది కాదని తెలుసు. ఆ కప్పుతోనే నా దగ్గరికొచ్చి 'ఈ కప్పులు మాన్పించాలండీ' అని చెప్పినవాళ్ళూ ఉన్నారు. కరువల్లా వేరే చోట ఉంది. చెత్త తగ్గిస్తే పని పెరుగుతుంది. ఆ పెరిగిన పని ఎవరు చేయాలి, వాళ్ళకి ఎవరు డబ్బిస్తారు అన్నది మాత్రం ఏ పోస్టర్ మీదా రాయరు.

కప్పు దగ్గర నుంచే మొదలుపెడతాను.

ఎనభై మంది, మనిషికి రెండు టీలు, ఒక కప్పు నీళ్ళు. రోజుకి 240 కప్పులు. ఏడాదికి 250 పనిదినాలు వేసుకుంటే 60,000. కప్పు 70 పైసల చొప్పున 42,000 రూపాయలు. ఈ లెక్క వేయడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది, ఎందుకంటే వోచర్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. అంతకు ముందు మూడేళ్ళుగా ఆ బిల్లులు పాస్ చేస్తున్నదీ నేనే. ఎప్పుడూ ఏడాది మొత్తం కూడి చూడలేదు.

పేపర్ కప్పు అంటాం గానీ అది ఒట్టి కాగితమైతే టీ పోసిన నిమిషానికే నాని కారిపోదూ! లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. కాగితం నుంచి ఆ పూతని విడదీయడం మామూలు కాగితం మిల్లుకి కుదరని పని, కాబట్టి చిత్తు కాగితాల్లో దాన్నెవరూ తీసుకోరు. 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు చేసిన పరీక్ష ఒకటుంది. 85 నుంచి 90 డిగ్రీల వేడి నీళ్ళు 100 మిల్లీలీటర్లు ఆ కప్పుల్లో పోసి 15 నిమిషాలు ఉంచితే, సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు నీళ్ళలోకి దిగాయని తేల్చారు. 2022 జులై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధించారు కదా, ఆ జాబితాలో ఈ కప్పు లేదు. తమిళనాడు మాత్రం 2019లోనే ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ కప్పుల్ని కూడా నిషేధించింది. మన దగ్గర మాత్రం ప్లాస్టిక్ గ్లాసు పోయి దాని స్థానంలోకి ఇది దర్జాగా వచ్చి కూర్చుంది. పైగా పేరులో 'పేపర్' ఉండటంతో మర్యాద కూడా దక్కింది.

ఈ వివరాలన్నీ నేను కమిటీ మీటింగ్‌లో స్లయిడ్లు వేసి మరీ చెప్పాను. అందరూ తలూపారు. మీటింగ్ మధ్యలో టీ వచ్చింది, పేపర్ కప్పుల్లో.

మరి పాతరోజుల్లో ఎలా గడిచింది అని అడుగుతారు. ఇక్కడే నా తరం వాళ్ళం కొంచెం కళ్ళు తుడుచుకుని జ్ఞాపకాల్లోకి జారిపోతాం. నేనూ జారాను.

మా నాన్న ఎమ్మార్వో ఆఫీసులో పనిచేశాడు. బడి సెలవులకి నేను అక్కడికి వెళ్ళి బెంచీ మీద కూర్చునేదాన్ని. ఆ ఆఫీసులో చెత్తబుట్ట అన్నది నాకు గుర్తే లేదు. వచ్చిన కవరుని పారేసేవాళ్ళు కాదు, పాత చిరునామా మీద 'ఎకానమీ స్లిప్' అంటించి మళ్ళీ పంపేవాళ్ళు. గుండుసూదులు ఊడబీకి డబ్బాలో వేసేవాళ్ళు. కార్బన్ కాగితం అటు దీపం పెడితే ఇటు కనిపించేదాకా వాడేవాళ్ళు. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలు మా నాన్న ఇంటికి తెచ్చి, దబ్బనంతో కుట్టి, నాకు చిత్తుపుస్తకం చేసిచ్చేవాడు. నా లెక్కల వెనకాల ఎవరివో పొలాల పహాణీ నకళ్ళు ఉండేవి. ఇంక టీ అంటారా, బజారులో హోటల్ నుంచి తీగ స్టాండులో ఆరు గాజు గ్లాసులు గుచ్చుకుని ఓ పిల్లాడు తెచ్చేవాడు. తాగాక మళ్ళీ వచ్చి పట్టుకెళ్ళేవాడు. చెత్త లేని ఆఫీసు అంటే అదే కదా!

చాలా ఏళ్ళు నేనీ కథని ఇక్కడికే ఆపి చెప్పేదాన్ని. ఆ పిల్లాడి సంగతి వదిలేసి. వాడికి నా వయసే, ఏ తొమ్మిదో పదో. నేను సెలవులకి వెళ్ళాను కాబట్టి అక్కడున్నాను. వాడికి సెలవుల్లేవు, బడి కూడా లేదు. హోటల్ వెనకాల ఒకటే బక్కెట్టులో రోజూ కొన్ని వందల గ్లాసులు ముంచి తీసేవాడు. వేళ్ళ సందులు తెల్లగా నాని ఉండేవి. మా నాన్న ఆఫీసులో చెత్త లేకపోవడానికి ఎకానమీ స్లిప్ ఎంత కారణమో, ఆ పిల్లాడి వేళ్ళూ అంతే కారణం. వాడి కష్టం దాదాపు ఉచితం కాబట్టి గ్లాసు కడగడం చవక. ఎప్పుడైతే కడిగే మనిషి ఖరీదు పెరిగిందో, కప్పు పారేయడం చవకయింది. పిల్లలు బక్కెట్ల దగ్గర నుంచి బడికి పోయారు, మంచిదే. ఆ ఖాళీలోకే డిస్పోజబుల్ కప్పు వచ్చింది.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, కష్టమైనా. మా ఊరి టీ కొట్టులో రెండు రకాల గ్లాసులుండేవి. ఒకటి అందరికీ. ఇంకొకటి దళితవాడ నుంచి వచ్చేవాళ్ళకి. ఆ రెండోది కొట్టు బయట చూరు కింద బోర్లించి ఉండేది, తాగినవాళ్ళే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. రెండు గ్లాసుల పద్ధతి అంటారు దీన్ని. 1955 నుంచీ చట్టం ప్రకారం నేరమే. అయినా నేను పెరిగేటప్పుడు అది ఎవరికీ నేరంలా కనిపించలేదు. ప్లాస్టిక్ కప్పు వచ్చాక ఆ రెండో గ్లాసు మాయమైంది. మనసులేమీ మారలేదు, అసలు గ్లాసే లేకుండా పోయింది. అయినా తాగేవాడికి ఆ తేడా చిన్నది కాదు. అందరితో సమానంగా చేతికి అదే కప్పు వస్తుంది, తాగి అందరిలాగే విసిరేస్తాడు.

అందుకని పేపర్ కప్పుని తిట్టేటప్పుడు నాకు నోరు పూర్తిగా రాదు. మన దేశంలో కప్పు కడగడమంటే ఒట్టి నీళ్ళ పని కాదు. ఎంగిలి ముట్టుకోవడం. ఎవరి ఎంగిలి ఎవరు ముట్టుకుంటారన్నది మనకి పుట్టుకతోనే నేర్పేస్తారు. దాన్ని పక్కన పెట్టి 'మన పెద్దల పద్ధతులే గొప్పవి, మళ్ళీ గ్లాసులకి వెళ్దాం' అనేస్తే ఆ మాటలో ఏదో ఒకటి దాచినట్టే.

ఇదంతా నాకు ముందే తెలుసని అనుకోకండి. నాకు చెప్పింది మా హౌస్‌కీపింగ్ అక్క.

సీసాల పంపకం అయిన రెండు నెలలకి మేం కప్పులు మాన్పించే పని నిజంగానే మొదలుపెట్టాం. వంద పింగాణీ కప్పులు కొన్నాం. ప్యాంట్రీలో అరల్లో సర్దాం. పేపర్ కప్పుల ఆర్డరు ఆపేశాం. సోమవారం పొద్దున చాలా గర్వంగా ఉంది. పదకొండు గంటల టీ అయ్యాక ప్యాంట్రీకి వెళ్తే సింకులో కప్పులు కొండలా ఉన్నాయి. కొన్నిట్లో బిస్కెట్ ముక్కలు తేలుతున్నాయి, ఒకదాంట్లో టీ బ్యాగూ టిష్యూ కాగితం కలిసి ముద్దయిపోయాయి. రెండు అంతస్తులకి కలిపి హౌస్‌కీపింగ్‌లో ఉన్నది ఇద్దరే. బాత్రూములు, ఫ్లోర్లు, అద్దాలు, మీటింగ్ రూములు అన్నీ వాళ్ళవే. అక్క చేతులు తుడుచుకుంటూ నన్ను చూసింది. కోపంగా కూడా అడగలేదు.

"ఇయ్యన్నీ ఎవరు కడగాలె మేడమ్?"

నా దగ్గర జవాబు లేదు. 'ఎవరి కప్పు వాళ్ళు కడుక్కుంటారక్కా' అన్నాను. ఆమె సింకు వైపు చూసింది. నేనూ చూశాను. గురువారానికి సగం కప్పులు జనం డెస్కుల మీదే అడుగున ఎండిన పాలతో ఉండిపోయాయి, వాటికి చీమలు పట్టాయి. తర్వాతి సోమవారానికి ఎవరో చెప్పాపెట్టకుండా పేపర్ కప్పులు మళ్ళీ తెప్పించారు. పింగాణీ కప్పులు పెన్నుల స్టాండులయ్యాయి. నా టేబుల్ మీద ఇప్పటికీ ఒకటుంది.

మేం కమిటీలో కప్పుల ధర లెక్కేశాం, కప్పుల సంఖ్య లెక్కేశాం. కడగడానికి పట్టే టైము ఎవ్వరం లెక్కేయలేదు. వేసి చూస్తే సులువే. కప్పుకి అర నిమిషం అనుకున్నా 240 కప్పులకి రెండు గంటలు. అప్పటికే పది గంటలు నిలబడి పనిచేసే మనిషి మీద మేం రోజుకి ఇంకో రెండు గంటల పని పెట్టి, దానికి 'పర్యావరణ పరిరక్షణ' అని పేరు పెట్టుకున్నాం. జీతం రూపాయి పెరగలేదు. ఆమెది ఏజెన్సీ జీతం, మా రోల్స్‌లో లేనే లేదు.

ఆ తర్వాత జరిగింది అకౌంట్స్ వాళ్ళకి మాత్రమే అర్థమయ్యే విషాదం. నేను నోట్ పెట్టాను. కప్పుల మీద ఏడాదికి 42,000 మిగులుతుంది కదా, దాన్ని ఏజెన్సీ ద్వారా వీళ్ళిద్దరికీ అదనపు పనికి ఇద్దాం, ఒక పెద్ద సింకు, కప్పులు బోర్లించే స్టాండు కొందాం అని. అందరూ బాగుందన్నారు. కానీ కప్పుల ఖర్చు 'ప్యాంట్రీ' హెడ్ కింద, అంటే ఆ పద్దు కింద ఉంది. మనిషి ఖర్చు 'మ్యాన్‌పవర్ కాంట్రాక్ట్' హెడ్ కింద ఉంది. ఒక దాంట్లో మిగిలింది ఇంకో దాంట్లో వాడకూడదు. మ్యాన్‌పవర్ ఖర్చు పెరిగితే పైవాళ్ళు ఎందుకు పెరిగిందని అడుగుతారు. ప్యాంట్రీలో తగ్గితే ఎందుకు తగ్గిందని ఎవరూ అడగరు. అరవై వేల కప్పులు పారేయడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. కడిగే మనిషికి నెలకి రెండున్నర వేలు ఇవ్వడానికి నాలుగు సంతకాలు కావాలి.

ఆ సంతకాలకి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో నేను చేసిన ఇంకో తప్పు గురించి చెప్పాలి.

మా ఆఫీసులో అట్టపెట్టెలు బాగా వస్తాయి. కొరియర్లవి, కంప్యూటర్ సామాన్లవి, ఆన్‌లైన్‌లో సొంతానికి తెప్పించుకునేవాళ్ళవి. పాత పేపర్లు సరే సరి. అవన్నీ కలిసి చెత్తలోకి పోతున్నాయని మేం బాధపడి, ఒక కబాడీ ఆయనతో మాట్లాడాం. ప్రతి శనివారం వచ్చి తూకం వేసి తీసుకెళ్తాడు, డబ్బు ఆఫీసు ఖాతాలో జమ. 'వ్యర్థాల నుంచి ఆదాయం' అని నేనే ఒక లెడ్జర్ తెరిచాను. న్యూస్‌లెటర్‌లో వేశారు కూడా. రెండు నెలలు గడిచాక ఓ రోజు లిఫ్టులో చిన్నక్క, అంటే ఇద్దరిలో వయసులో చిన్నామె, మెల్లగా చెప్పింది. ఆ అట్టలు ఎప్పుడూ చెత్తలోకి పోలేదట. సాయంత్రం వాళ్ళిద్దరూ మడిచి, సెల్లార్‌లో దాచి, వారానికోసారి అమ్ముకునేవాళ్ళట. బస్సు పాసుకి సరిపోయేదట.

అంటే మేం గ్రీన్ కమిటీ పెట్టి ఒక్క అట్ట కూడా కాపాడలేదు. అవి అంతకు ముందే కబాడీకి చేరుతున్నాయి. మేం చేసిందల్లా ఆ డబ్బు వాళ్ళ కొంగుముడిలో నుంచి తీసి కంపెనీ ఖాతాలో వేయడం. తెలియక చేశాం అనడానికి కూడా లేదు, అడగలేదు అంతే. మన ఊళ్ళలో 'పాత పేపర్లు, పాత ఇనుము' అని అరుచుకుంటూ తిరిగే బండి దగ్గర నుంచి సెల్లార్‌లో అట్టలు మడిచే ఆడవాళ్ళ దాకా, రీసైక్లింగ్ అనే మాట మనం నేర్చుకోకముందే ఆ పని చేస్తున్నవాళ్ళు ఉన్నారు. ఆఫీసులు దాన్ని కనిపెట్టినట్టు ఫోజు పెట్టడం చూస్తే నాకు ఇప్పుడు ఇబ్బందిగా ఉంటుంది. లెడ్జర్ మూసేశాను. అట్టల డబ్బు మళ్ళీ వాళ్ళదే. ఈసారి రాతపూర్వకంగా, సెక్యూరిటీ వాళ్ళు గేటు దగ్గర ఆపకుండా.

ఇక కాగితం సంగతి. ఇక్కడ పని పెరగదు, అందుకే ఇది అన్నిటికంటే సులువుగా అయింది. నా వాదనకి ఇది కూడా సాక్ష్యమే అనుకోండి.

ఏ4 కాగితాలు పదహారు కలిపితే సరిగ్గా చదరపు మీటరు. 75 జీఎస్ఎం అంటే చదరపు మీటరు 75 గ్రాములని అర్థం, కాబట్టి ఒక కాగితం 4.7 గ్రాములు, అయిదువందల కాగితాల కట్ట 2.3 కిలోల పైచిలుకు. మా తెలుగువాళ్ళకి ఈ కాగితం ఎక్కడో ఆకాశంలో నుంచి ఊడిపడదు. సారపాకలో, రాజమండ్రిలో, కాగజ్‌నగర్‌లో మిల్లులున్నాయి. ప్రకాశం, కృష్ణా, ఖమ్మం వైపు రైతులు వేసే సుబాబుల్, జామాయిల్ కర్రే అందులోకి పోతుంది. మా మేనమామ రెండెకరాల్లో సుబాబుల్ వేశాడు. టన్నుకి రేటు పడిపోయినప్పుడల్లా ఆయన ఫోన్ చేసి, మీ ఆఫీసుల్లో ప్రింట్లు తీయడం మానేశారా ఏంటే అని అడుగుతాడు. ఆయనకి నేను ఈ వ్యాసం చూపించను.

మేం చేసింది ఒకటే. ఐటీ అబ్బాయి అన్ని కంప్యూటర్లలో ప్రింటర్ సెట్టింగ్ రెండు వైపులా వచ్చేట్టు మార్చాడు. ఒకవైపే కావాలంటే మీరే మార్చుకోవాలి. ఇంకోటి, ప్రింట్ ఇచ్చాక మిషన్ దగ్గరికి వెళ్ళి కార్డు చూపిస్తేనే కాగితం బయటికొస్తుంది. అప్పటిదాకా ప్రింటర్ పక్కన దిక్కులేని కాగితాల దొంతర ఒకటి ఎప్పుడూ ఉండేది, ఎవరో ప్రింట్ ఇచ్చి మర్చిపోయినవి. అది పోయింది. నెల తిరిగేసరికి కాగితం కట్టలు మూడో వంతు తక్కువ తెప్పించాం. ఎవరికీ పోస్టర్ పెట్టలేదు, క్లాసు పీకలేదు. భోజనం ఆర్డర్లలో కూడా ఇలాంటి మార్పే జొమాటో 2021లో చేసింది. అడిగితే తప్ప స్పూన్లు, టిష్యూలు పంపకుండా. మనుషులు ముందే పెట్టి ఉన్నదాన్ని మార్చరు, బద్ధకం. ఆ బద్ధకాన్ని మనవైపు తిప్పుకుంటే చాలు.

మా నాన్న చిత్తుపుస్తకం గుర్తొచ్చి నేనొక అతి తెలివి చేశాను. ఒకవైపు ప్రింటయిన పాత కాగితాలన్నీ బైండింగ్ చేయించి రఫ్ ప్యాడ్లుగా పంచాను. మూడో రోజు సేల్స్‌లో ఒకాయన తన ప్యాడ్ తిరగేస్తే వెనకాల వాళ్ళ మేనేజర్ పే స్లిప్ ఉంది. ఆ తర్వాత వారం రోజులు ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరి జీతం ఎంతన్నది తప్ప వేరే టాపిక్ లేదు. హెచ్‌ఆర్ వాళ్ళు నన్ను పిలిచిన తీరు చెప్పను. పహాణీ నకళ్ళ రోజులు వేరు. ఇప్పుడు ప్రతి కాగితం మీదా ఎవరిదో ఆధార్ నంబరో, పాన్ నంబరో ఉంటుంది. మిరపకాయ బజ్జీల పొట్లం విప్పితే ఎవరిదో ఆధార్ జిరాక్స్ కనిపించిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది. కాగితం వాడుకోవాలంటే ముందు ముక్కలు చేయాలి, ముక్కలు చేసిందాన్ని కొరియర్ పెట్టెల్లో సీసాల చుట్టూ నింపుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. సరే, దానికే వాడుతున్నాం.

కరెంటు గురించి ఒక్క మాట. ఏసీ ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని, ఏసీలకి స్టార్లిచ్చే ప్రభుత్వ సంస్థ బీఈఈ వాళ్ళే చెప్తారు, 2020 నుంచి స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నియమం. మా బిల్డింగ్‌ది సెంట్రల్ ఏసీ, తాళం బిల్డింగ్ వాళ్ళ దగ్గర. మే నెలలో బయట 43, లోపల స్వెట్టర్లు. దీని మీద నాకు చెప్పడానికి ఏమీ లేదు, నవ్వడం తప్ప.

చెత్తబుట్టల విషయంలోనే అసలు గొడవ జరిగింది.

మాకు ప్రతి డెస్కు కింద ఒక బుట్ట ఉండేది, లోపల నల్ల కవరు. అందులో పొద్దున నలిపేసిన కాగితం, పదకొండింటికి టీ కప్పు, మధ్యాహ్నం సాంబారన్నం డబ్బా. సాయంత్రానికి కాగితం సాంబారులో నాని, దేనికీ పనికిరాకుండా పోయేది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని 2016 నాటి నియమాల్లోనే చెప్పారు. ఆఫీసు అయినా ఇల్లయినా. కానీ డెస్కు కింద బుట్ట ఉన్నంత కాలం అది జరగదు, ఎందుకంటే చెయ్యి కిందికి పోతే చాలు, వస్తువు మాయమైపోతుంది. మాయమైందాన్ని విడదీసే పని మళ్ళీ అక్కదే. ఇద్దరాడవాళ్ళు వట్టి చేతులతో ఎనభై బుట్టలు కెలకాలి.

బుట్టలు తీసేశాం. మొత్తం. అంతస్తుకి మూడు చోట్ల మాత్రం పెద్ద డబ్బాలు, తడిది, పొడిది, మూడోది శానిటరీ లాంటివాటికి. జనం నిజంగా కోపగించుకున్నారు. కప్పుల విషయంలో కూడా ఇంత కోపం చూడలేదు. ఒకాయన 'నా జీతానికి గంటకి ఎంత పడుతుందో తెలుసా, నేను లేచి చెత్తబుట్ట దాకా నడవాలా' అని మెయిల్ పెట్టాడు. ఆయన జీతం నాకు తెలుసు, అకౌంట్స్ కదా. లెక్కేస్తే ఆ నడకకి ఏడు రూపాయలు పడింది. జవాబులో రాద్దామనుకుని మానేశాను. ఇంకొంతమంది డెస్కు సొరుగుల్లో కవర్లు పెట్టుకుని రహస్యంగా చెత్త దాచుకున్నారు. అరటిపండు తొక్క సొరుగులో రెండ్రోజులుంటే ఏమవుతుందో వాళ్ళకే తెలిసొచ్చింది.

'ఎంత వేరు చేసినా కింద లారీలో కలిపేస్తారుగా' అన్న మాట రోజుకొకరైనా అనేవాళ్ళు. అది పూర్తిగా అబద్ధం కాదు. మా బిల్డింగ్ చెత్త కలిపి ఎత్తుకుపోవడం నా కళ్ళతో చూశాను. హైదరాబాద్ చెత్త చివరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి చేరుతుంది, అక్కడి గుట్టా, కింద చెరువులోకి దిగిన నల్లనీళ్ళూ అందరికీ తెలిసినవే. కానీ కలిపేస్తారు కాబట్టి కలిపేద్దాం అన్నది పెద్ద ఊరివాళ్ళ సాకు. సూర్యాపేట మున్సిపాలిటీ 2000ల తొలి ఏళ్ళలోనే ఇంటింటి దగ్గర తడీ పొడీ వేరుగా తీసుకుని, పొడి చెత్త అమ్మి, తడి దాన్ని వానపాముల ఎరువు చేసి దేశమంతా చూసి వెళ్ళేంత పేరు తెచ్చుకుంది. అక్కడా మనుషులే, అక్కడా బద్ధకమే. ఇంటి ముందుకి వచ్చి రెండు బుట్టలు అడిగి తీసుకెళ్ళే మనిషిని పెట్టారు, ఆ మనిషికి జీతం ఇచ్చారు. మళ్ళీ అక్కడికే వచ్చాను చూడండి.

పుట్టినరోజుల కేకులు, థర్మోకోల్‌కి బదులొచ్చిన పూత అట్ట ప్లేట్లు, మీటింగుల్లో సగం తాగి వదిలేసే అర లీటరు నీళ్ళ సీసాలు, వీటి గురించి విడిగా రాయాలి. ప్లేట్లకి మాత్రం ఒక దారి ఉంది. సిద్దిపేటలో ఫంక్షన్లకి స్టీలు కంచాలు, గ్లాసులు అద్దెకిచ్చే 'స్టీలు బ్యాంకు' పెట్టారు. మా బిల్డింగ్‌లో పన్నెండు ఆఫీసులున్నాయి. అందరికీ కలిపి ఒక్క స్టీలు బీరువా చాలు. బిల్డింగ్ అసోసియేషన్ మీటింగ్‌లో చెప్పాను. పార్కింగ్ గొడవ తేలాక చూద్దామన్నారు. పార్కింగ్ గొడవ నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది.

నాలుగు సంతకాలూ అయ్యాక, కిందటి ఉగాది తర్వాత కప్పులు మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి పింగాణీ కాదు, స్టీలువి. పగలవు, ఒకదాంట్లో ఒకటి ఇముడుతాయి. పెద్ద సింకు వచ్చింది, స్టాండు వచ్చింది. ఇద్దరక్కలకీ నెలకి అదనంగా డబ్బు వస్తోంది. బదులుగా మధ్యాహ్నం అద్దాలు తుడిచే పని వారానికి ఒకసారికి తగ్గించాం. అద్దాలు రోజూ తుడవకపోతే ఏమవుతుంది? ఏమీ కాలేదు. నియమం ఒకటే. తాగినవాళ్ళు కప్పు నీళ్ళతో తొలిపి ట్రేలో బోర్లించాలి. సబ్బు పెట్టి కడగడం మాత్రం అక్క పని, జీతం ఉన్న పని. మొదటి రోజు మా పెద్దాయన స్వయంగా కప్పు తొలుపుతుంటే అందరూ ఫొటోలు తీశారు. రెండో రోజు ఫొటోలు తీసేవాళ్ళు లేరు, ఆయనా రాలేదు. ఆయన కప్పు ఎవరు తొలుపుతున్నారో నాకు తెలుసు, చెప్పను. మిగతావాళ్ళలో ఎక్కువమంది తొలుపుతున్నారు. నలుగురైదుగురు మాత్రం ఇప్పటికీ ట్రే పక్కన పెట్టి వెళ్ళిపోతారు, వంగి బోర్లిస్తే నడుం విరుగుతుందన్నట్టు. వాళ్ళంతా మగవాళ్ళేనని నేననలేదు, మీరే అనుకుంటున్నారు.

పేపర్ కప్పులు పూర్తిగా పోలేదు. బయటి నుంచి క్లయింట్లు వచ్చినప్పుడు కావాలని ఒక పెట్టె ఉంచారు. ఆ పెట్టె ఎందుకో క్లయింట్లు రాని వారాల్లో కూడా తరుగుతూ ఉంటుంది.

మొన్న చలికాలంలో అక్క మళ్ళీ నా దగ్గరికొచ్చింది. ఈసారి ప్రశ్న అడగలేదు, చేతులు చూపించింది. వేళ్ళ సందులు తెల్లగా నాని ఉన్నాయి. పొద్దున ఎనిమిదింటికి ట్యాంకు నీళ్ళు మంచులా ఉంటాయట. పాల జిడ్డు చన్నీళ్ళకి వదలదు, ఎక్కువసేపు రుద్దాలి. సింకు దగ్గర ఒక చిన్న గీజరు, మంచి రబ్బరు గ్లవుజులు కావాలంది. గ్లవుజులు ఆ మధ్యాహ్నమే నా జేబులో డబ్బుతో తెప్పించాను, పెట్టీ క్యాష్ వోచర్ రాసేంత ఓపిక లేక. గీజరుకి మూడు కొటేషన్లు తెప్పించి నోట్ పెట్టాను. అది ప్యాంట్రీ హెడ్డా, ఎలక్ట్రికల్ హెడ్డా అని అడుగుతూ ఫైలు ఒకసారి వెనక్కి వచ్చింది. మళ్ళీ పంపాను. ప్రస్తుతం మూడో సంతకం దగ్గర ఉంది.